చంక దింపితే వదులు రాదు: ఒక లెక్కల టీచర్ కుర్తీ కేసు

సమస్య చిన్నదే, కానీ రోజూ ఉండేది. ఆవిడ విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచర్. బోర్డు పై అంచు నుంచి రాయడం మొదలుపెడితే చాలు, కుర్తీ మొత్తం చేత్తో పాటు పైకి లేచిపోతుంది, కుడి చేత్తో లెక్క చెప్తూ ఎడమ చేత్తో కుర్తీ కిందికి లాక్కోవాలి. స్కూటీ హ్యాండిల్ పట్టుకుంటే వీపు బిగుసుకుంటుంది, మెడ ముందు వైపు పైకొచ్చి గొంతు నొక్కుతుంది. రెడీమేడ్ కొన్నా ఇంతే, కుట్టించుకున్నా ఇంతే. లావయ్యాను కాబోలు అనుకుని ఎల్ నుంచి ఎక్సెల్‌కి, అక్కడి నుంచి డబుల్ ఎక్సెల్‌కి వెళ్ళారు, ఇబ్బంది పెరిగింది తప్ప తగ్గలేదు. చివరికి విసుగొచ్చి, "నా బట్టలు నేనే కుట్టుకుంటా, ప్యాటర్న్ పెట్టి కత్తిరించడం నేర్పండి మేడమ్" అంటూ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందు గదికి వచ్చారు. అక్కడే నేను కటింగ్ నేర్పిస్తుంటాను. ప్యాటర్న్ అంటే బట్ట మీద పరిచి, దాని వెంట కత్తిరించే కాగితం అచ్చు.

వాళ్ళ అత్తగారి పాత ఉషా కాలి మెషిన్ ఇంట్లో ఉంది, దానికి మోటార్ బిగించుకున్నారు. లంగాలు, దిండు గలీబులు కుట్టడం వచ్చు. కుట్టు సూటిగా పడుతుంది కాబట్టి మెషిన్ నేర్పే పని లేదు. నేర్పాల్సింది కాగితం చూడటం, ఒళ్ళు చూడటం, ఆ రెంటికీ తేడా ఎక్కడుందో పట్టుకోవడం.

టేపు తీసే ముందు నేను పాత బట్టలు తెమ్మంటాను. కొత్తవి కాదు, బాగా వాడి పక్కన పడేసినవి. తిరగేసి చూస్తే అన్నీ అవే చెప్తాయి. ఆవిడ తెచ్చిన ఎక్సెల్ కుర్తీల్లో భుజం కుట్టు అసలు భుజం ఎముక దాటి అంగుళం కిందికి జారింది. మెడ వెడల్పై బ్రా పట్టీ కనిపించేంత పక్కకి పోతోంది. కానీ చాతీ దగ్గర చూస్తే చంక నుంచి ముందుకి అడ్డంగా ముడతలు, అంటే అక్కడ బట్ట చాలక లాగుతోంది. పైన ఎక్కువ, మధ్యలో తక్కువ. ఇక చంకలో, వెనక వైపు, కుట్టు పక్కనే పోగులు విడిపోయి వేలు పెట్టి సాగదీస్తే అవతల వెలుతురు కనిపిస్తోంది. కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు, దారం గట్టిదే, చిరిగింది బట్ట. కుట్టు తెగితే మెషిన్ తప్పో దారం తప్పో అనుకోవచ్చు, కుట్టు పక్కన బట్ట చిరిగితే అది కటింగ్ తప్పు. ఆ కుర్తీకి చంక ఆవిడ అసలు చంక కంటే రెండున్నర అంగుళాలు కిందికి ఉంది.

అది ఎలా అంత కిందికి పోయిందో అడిగితే కథ బయటికొచ్చింది. బిగుతుగా ఉందని చెప్పిన ప్రతిసారీ టైలర్ "చంక ఇంకో అర దింపుతా మేడమ్, ఫ్రీగా ఉంటుంది" అన్నాడు, దింపాడు. పైగా మన దగ్గర ఆది ఇచ్చి కుట్టించుకోవడం అలవాటు కదా, జాకెట్టైనా కుర్తీ అయినా. ఆదిలో ఏ తప్పుంటే కొత్తదాంట్లోనూ అదే తప్పు దిగుతుంది, పైన "కొంచెం వదులు" అని ఇంకో అర అంగుళం చేరుతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వదులు కోసం దింపిన ప్రతి అర అంగుళమూ ఆవిడ చేతిని ఇంకాస్త కట్టేసింది.

ఇది చాలామంది నమ్మరు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. చెయ్యి దించి నిలబడినప్పుడు లోతు చంక హాయిగానే ఉంటుంది, గాలి ఆడుతుంది, టైలర్ షాపులో అద్దం ముందు అందరం అలాగే నిలబడతాం కాబట్టి బాగుంది అనుకుంటాం. చెయ్యి ఎత్తినప్పుడు సంగతి వేరు. మోచేతి నుంచి చంక మీదుగా నడుం దాకా ఒంటి పక్కన ఎంత పొడవుందో, బట్టకీ అక్కడ అంత పొడవు కావాలి. బట్టలో ఆ పొడవు రెండు కుట్ల నుంచి వస్తుంది, చేతి కింది కుట్టు ఒకటి, పక్క కుట్టు ఒకటి. చంకని కిందికి దించితే ఈ రెండూ పొట్టివైపోతాయి. ఇప్పుడు చెయ్యి ఎత్తితే తక్కువైన పొడవు ఎక్కడి నుంచో రావాలి, కింది అంచు పైకొచ్చి ఆ లోటు పూడుస్తుంది. రాలేకపోతే వెనక చంక దగ్గర బట్ట చిరుగుతుంది. ఆవిడకి రెండూ జరిగాయి.

తాతల నాటి లాల్చీ ఇంట్లో ఎక్కడైనా ఉంటే చంక చూడండి, అక్కడ నలుపలకల ముక్క ఒకటి వేసి ఉంటుంది. పొలం పని చేసే మనిషి చెయ్యి ఎత్తితే లాల్చీ లేవకూడదని పెట్టిన ముక్క అది. ఎక్కడ పొడవు కావాలో వాళ్ళకి తెలుసు, మనమే మర్చిపోయాం.

ఇక కొలతలు. చాతీ 39 అంగుళాలు, నడుం 34, సీటు 41, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. టైలర్లు మామూలుగా ఇక్కడితో ఆగిపోతారు. నేను ఇంకో కొలత తీస్తాను, చాతీకి పైన, టేపు చంకల కిందుగా, వీపు మీద కాస్త పైకి వచ్చేలా. అది 35 వచ్చింది. రెంటికీ 4 అంగుళాల తేడా. ఆవిడ అన్నేళ్ళ ఇబ్బందికి సగం కారణం ఈ తేడాలో ఉంది. వీపు పొడవు, అంటే మెడ వెనక ఎముక నుంచి నడుం దాకా, 15. జబ్బ చుట్టుకొలత 13. నడుం ఎక్కడో తెలియకపోతే ఒక నాడా కట్టి అటూ ఇటూ వంగమంటాను, నాడా తనంతట తాను ఎక్కడ కుదురుకుంటే అదే నడుం.

ప్యాటర్న్‌గా అమెరికన్ సైజుల్లో ఉన్న ఒక ట్యూనిక్, అంటే కుర్తీ లాంటి టాప్, తీసుకున్నాం. కుర్తీ ప్యాటర్న్‌లు నెట్‌లో ఉచితంగా బోలెడు దొరుకుతాయి, కానీ ఎక్కువ వాటికి చాతీ దగ్గర డాట్, అంటే ఒంటి వంపుకి చోటిచ్చే కుట్టు మడత, ఉండదు, 4 అంగుళాల తేడా ఉన్న ఒంటికి డాట్ లేకుండా కుదరదు. ట్యూనిక్‌కి పక్క డాట్ ఉంది, విడిగా కుట్టే చేతులు ఉన్నాయి, పొడవు మనం పెంచుకోవచ్చు. 1863లో ఎబెనేజర్ బటరిక్ అనే అమెరికన్ దర్జీ సైజులవారీ కాగితం ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇప్పటి పీడీఎఫ్ దాకా సూత్రం ఒకటే, కంపెనీ ఒక మనిషిని ఊహించుకుని ఆ మనిషికి గీస్తుంది. అక్కడి పెద్ద కంపెనీల ఊహలో ఆ మనిషి దాదాపు 5 అడుగుల 5 అంగుళాల ఎత్తు, బి కప్పు, అంటే పై చాతీకీ నిండు చాతీకీ 2 అంగుళాల తేడా. మన టీచర్ గారు ఎత్తులో 4 అంగుళాలు తక్కువ, చాతీ తేడాలో 2 అంగుళాలు ఎక్కువ. ఎవరి తప్పూ కాదు, కాకపోతే ఆ తేడా కత్తెర పెట్టకముందే తెలియాలి.

ఆ సైజు చార్టులో 14 అంటే చాతీ 36, 16 అంటే 38, 18 అంటే 40. నిండు చాతీ చూసి తీసుకుంటే 18కి పోవాలి. అదే జరుగుతూ వచ్చింది ఇన్నాళ్ళూ, 18 భుజాలు, 18 మెడ, 18 చంక, వాటి మధ్య 14 సైజు ఎముకలున్న మనిషి. ఎముకలు పెద్దగా మారవు కాబట్టి సైజు ఎముకల్ని బట్టి తీసుకోవాలి, కండని తర్వాత కలపాలి. పై చాతీ 35ని చార్టులో చాతీ అనుకుని చూస్తే 12కీ 14కీ మధ్య పడింది, 14 తీసుకున్నాం. డబుల్ ఎక్సెల్ వేసుకునే మనిషికి 14 అనేసరికి ఆవిడ మొహంలో అనుమానం చూడాలి.

ప్రింట్ గురించి ఒక మాట. ఆవిడ స్కూల్ దగ్గర జిరాక్స్ షాపులో ఏ4 కాగితాల మీద తీయించి తెచ్చారు. పీడీఎఫ్ ప్యాటర్న్‌లో మామూలుగా ఒక కొలత చదరం ఉంటుంది, దాన్ని స్కేలు పెట్టి కొలవాలి. అంగుళం ఉండాల్సింది 15/16 వచ్చింది. షాపతను కాగితానికి సరిపోయేలా కుదించే ఆప్షన్ తీసేయకుండా వదిలేశాడు, కంప్యూటర్ దానంతట అదే పెట్టుకుంటుంది కూడా. ఒక్క గీత తేడానే కదా అనిపిస్తుంది, లెక్కల టీచర్ కాబట్టి ఆవిడే లెక్క కట్టారు, 36 చాతీ ప్యాటర్న్ 33.75 అయిపోతుంది. "100 శాతం సైజులో తీయండి" అని చెప్పి మళ్ళీ తీయించాం. ఏ4 ముక్కలు అతికించే ఓపిక లేకపోతే ఇళ్ళ ప్లాన్లు ప్రింట్ చేసే షాపుల్లో ప్లాటర్ ఉంటుంది, ఏ0 ఫైల్ ఇస్తే ఒకే పెద్ద కాగితం మీద ఇస్తారు. గవర్నర్‌పేటలో ఇంజినీర్లు తిరిగే షాపుల్లో అడగండి.

ఇప్పుడు కాగితం మీద పని. ముందు ఎత్తు. ఆ సైజుకి వీపు పొడవు 16.5, ఆవిడది 15, అంటే అంగుళంన్నర ఎక్కువ. చాలామంది ఎక్కువైన పొడవు కింద అంచులో కోసేస్తారు, పొట్టి మనిషికి కుర్తీ కుదరకపోవడానికి అదే మొదటి కారణం. పొట్టిదనం నడుం కింద మాత్రమే ఉండదు, భుజానికీ చంకకీ మధ్య కూడా ఉంటుంది. అందుకని చంక గుండ్రం మధ్యలో అడ్డంగా అర అంగుళం మడిచాం, ముందు ముక్కకీ వెనక ముక్కకీ, చేతి పైగుండ్రానికి కూడా అదే మడత. మిగతా అంగుళం చంకకీ నడుముకీ మధ్య మడిచాం. చంక అర అంగుళం పైకి రావడం ఇక్కడే జరిగిపోయింది.

తర్వాత చాతీ. 39లోంచి 36 పోతే 3 అంగుళాలు కావాలి, ముందు ముక్క సగమే కాబట్టి దానికి అంగుళంన్నర. చాతీ మొన దగ్గర చుక్క పెట్టి, అక్కడి నుంచి మూడు గీతలు, ఒకటి కింది అంచుకి, ఒకటి చంక గుండ్రం కింది భాగానికి, ఒకటి డాట్ మధ్యగా పక్కకి. కింది గీత మొదలు కోసుకుంటూ పోయి చంక దగ్గర మాత్రం కాగితం తెగకుండా నూలు పోగంత వదలాలి, అక్కడ అది మడత బందులా తిరుగుతుంది. చుక్క దగ్గర అంగుళంన్నర విప్పి వెనక ఇంకో కాగితం అతికిస్తే చాతీకి చోటు వస్తుంది, భుజం మారదు, మెడ మారదు, చంక పొడవు మారదు. డాట్ మాత్రం పెద్దదవుతుంది. అలా తెరిచినప్పుడు సీటు దగ్గర కూడా అంతే పెరుగుతుంది, 14 సైజు సీటు 38, ఆవిడది 41, సరిగ్గా సరిపోయింది. నడుం దగ్గర పక్క కుట్టులో ఉన్న వంపు తీసేసి సూటిగా గీశాం. రోజువారీ కుర్తీకి నడుం వంపు ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు, తిని కూర్చున్నాక పనికిరాదు.

అసలు బట్ట కోసే ముందు ఒకసారి కుట్టి చూసుకునే ట్రయల్‌కి వన్ టౌన్ వెళ్ళి వస్త్రలతలో కోరా బట్ట తెచ్చుకున్నారు. కొందరు పాత దుప్పటి కోస్తారు, తప్పేం లేదు గానీ ఉతికి ఉతికి మెత్తబడ్డ దుప్పటి అబద్ధం చెప్తుంది, ఎక్కడ బిగుతుందో అక్కడ సాగి ఊరుకుంటుంది. అసలు బట్ట ఎంత మందమో ట్రయల్ బట్ట కూడా అంతే ఉండాలి.

మెషిన్ కుట్టు పెద్దదిగా పెట్టి, చేతులు కూడా కుట్టి, వేసి చూశాం. చేతులు లేకుండా ట్రయల్ వేస్తే సగం సంగతి తెలియదు, ఇది గట్టిగా చెప్తాను. భుజాలు బాగా కూర్చున్నాయి, మెడ పక్కకి పోలేదు, చాతీ ముడతలు పోయాయి. తలుపు పక్కన గోడ మీద కుర్తీ అంచు ఎక్కడుందో చాక్‌తో గీత పెట్టి చెయ్యి పైకెత్తమన్నాను. ఇదే పరీక్ష పాత ఎక్సెల్ కుర్తీతో చేస్తే అంచు 5 అంగుళాలు లేచింది. కొత్తది 3 లేచింది. తగ్గింది, చాలదు. పైగా జబ్బ దగ్గర బిగుతు.

అప్పుడు చేతి వంతు. ప్యాటర్న్‌లో చేతి పైగుండ్రం ఎత్తు, అంటే భుజం మొన నుంచి చంక గీత దాకా, మడత తర్వాత 5.5 అంగుళాలు ఉంది, ఆ గీత దగ్గర వెడల్పు 13.75. జబ్బ 13 కాబట్టి మిగిలింది ముప్పావు అంగుళం. గుండ్రం ఎత్తుగా ఉంటే చెయ్యి దించి నిలబడ్డప్పుడు ఒక్క ముడత లేకుండా వేలాడుతుంది, ఫొటోలకి చాలా బాగుంటుంది, కోటు చేతులు అందుకే అలా కోస్తారు. గుండ్రం ఎత్తు తగ్గించి వెడల్పు పెంచితే చెయ్యి పక్కకి చాపిన స్థితికి కుట్టినట్టవుతుంది. ఎత్తు 4.5కి దించి, గుండ్రం కుట్టు పొడవు మారకుండా పక్కలకి జరిపితే వెడల్పు 15 దాకా వచ్చింది. చంక గుండ్రానికీ చేతి గుండ్రానికీ తేడా అర అంగుళానికి మించనివ్వలేదు, కాటన్‌కి అంతకంటే ఎక్కువ పెడితే భుజం మీద కుచ్చు పడుతుంది. గుండ్రాలు కొలిచేటప్పుడు టేపుని పడుకోబెట్టకండి, అంచు మీద నిలబెట్టి గీత వెంట నడిపించండి, లేకపోతే కొలత నమ్మలేం. చంకని ఇంకో పావు అంగుళం పైకి తెచ్చాం, ఇప్పుడు అసలు చంకకి ముప్పావు అంగుళం కిందుగా ఉంది.

మళ్ళీ గోడ దగ్గర పరీక్ష. రెండు అంగుళాల లోపే లేచింది.

చెయ్యి దించితే చంక ముందు రెండు మడతలు పడుతున్నాయి, "ఇవి పోవా?" అని అడిగారు. పోతాయి, గుండ్రం మళ్ళీ ఎత్తు చేస్తే, అప్పుడు బోర్డు రాయడం పోతుంది. ఏదో ఒకటే. పెళ్ళికి వేసుకునే కుర్తీ అయితే నేను కూడా మడతలు తీసేసేదాన్నే.

ఎత్తు చంక అంటే మన ఎండలకి చెమటకి తడిసిపోదా అని అందరూ అడుగుతారు. మే నెలలో బెజవాడలో ఏ చంకైనా తడుస్తుంది. పల్చటి కాటన్, చేతికి చాలినంత వెడల్పు, చంకలో మందంగా లేని కుట్టు ఉంటే చాలు, ఒంటికి ముప్పావు అంగుళం ఎడం ఉందంటే రాసుకోదు.

ఇంకో మార్పు ట్రయల్‌లోనే బయటపడింది. కుర్తీ మెల్లగా వెనక్కి జారుతూ గొంతు నొక్కుతోంది. నోటు పుస్తకాలు దిద్దేవాళ్ళకి, ఫోను వంగి చూసేవాళ్ళకి భుజం మొన కాస్త ముందుకి వస్తుంది, భుజం కుట్టు మాత్రం పాత చోటే ఉంటుంది. భుజం మొన దగ్గర ముందు ముక్కలోంచి అర అంగుళం తీసి వెనక ముక్కకి కలిపాం, మెడ దగ్గర మార్పు లేదు, చేతి గుండ్రం మధ్య గాటు, అంటే కుట్టేటప్పుడు ముక్కలు కలపడానికి పెట్టే గుర్తు, కూడా అర అంగుళం ముందుకి జరిపాం. గొంతు నొక్కడం ఆగిపోయింది.

అసలు బట్టకి ఆవిడ మంగళగిరి కాటన్ కావాలన్నారు, సన్న జరీ నిజాం అంచు ఉన్నది, ఆ అంచు కుర్తీ కిందికి రావాలి. కోరిక చిన్నదే, లెక్క మారిపోయింది. అంచు బట్ట పొడవు వెంట ఉంటుంది, అది కుర్తీ కిందికి రావాలంటే ముక్కల్ని అడ్డంగా పరచాలి, అప్పుడు పన్నా, అంటే బట్ట వెడల్పు, ఎంతో కుర్తీ పొడవు అంతకు మించదు. ఆవిడ తెచ్చిన బట్ట పన్నా 44, కుర్తీ పొడవు 40, భుజం కుట్టుకి పోను సరిపోయింది. ఎత్తు తక్కువ కావడం ఇక్కడ కలిసొచ్చింది. కింద మడవక్కర్లేదు, అంచే అంచు. కానీ కింద కోసి సరిచేసే వీలు లేదు కాబట్టి ప్యాటర్న్‌ని అంచు దగ్గర ఆనించి కింది నుంచి పైకి పరచాలి, తగ్గించాల్సిందేదైనా పైనే తగ్గించాలి. పక్క గీత సీటు కింద సూటిగా ఉండాలి, ఏటవాలుగా వస్తే రెండు ముక్కల అంచులు కలిసే చోట కోణం కనిపిస్తుంది. రెండున్నర మీటర్లలో చేతులతో సహా వచ్చింది.

కత్తిరించే ముందు ఉతకడం ఎందుకని చాలామంది వదిలేస్తారు. ఉతికే ముందు బట్ట మీద 20 అంగుళాల చదరం దారంతో గుర్తు పెట్టించాను. నానబెట్టి ఉతికి ఆరేసి ఇస్త్రీ చేశాక కొలిస్తే పడుగు (నిలువు పోగు) వైపు 19.25, పేక (అడ్డ పోగు) వైపు 19.75. మామూలుగా కోస్తే ఈ కుదింపు పొడవులో పోతుంది, రెండుతుకుల తర్వాత కుర్తీ కాస్త పొట్టి అయిందనుకుంటాం. మనం అడ్డంగా కోస్తున్నాం, పడుగు ఒంటి చుట్టూ తిరుగుతుంది. 46 అంగుళాల చుట్టుకొలతలో అంగుళంన్నర పైనే పోయేది, అంత కష్టపడి తెచ్చిన వదులు మొత్తం మొదటి ఉతుకులో మాయం. ముదురు మెరూన్ కాబట్టి రంగు కూడా దిగింది, అది బకెట్‌లో దిగినా పర్లేదు, తెల్ల బ్రాకి అంటితే మాత్రం పోదు.

కుట్టడంలో చెప్పుకోదగ్గవి కొన్నే. సూది 14 నంబర్, కొత్తది. మెడకి రెడీమేడ్ పైపింగ్ కొనకుండా మిగిలిన బట్టలోంచి ఉరేబు (ఏటవాలు) పట్టీ కోసుకున్నారు, మెడ గుండ్రం సాగిపోకుండా ముందుగా అంచు పక్కన ఒక వరస కుట్టు వేసుకోవాలి. ఓవర్‌లాక్ మెషిన్ లేదు కాబట్టి పక్క కుట్లు ఫ్రెంచ్ కుట్టు, ముందు మంచి వైపు బయటికి పెట్టి సన్నగా కుట్టి, అంచు కత్తిరించి, తిరగేసి ఇంకో కుట్టు. ప్యాటర్న్‌లో కుట్టుకి 5/8 అంగుళం వదిలి ఉంటుంది, దానికి చక్కగా సరిపోతుంది. చంకలో మాత్రం ఫ్రెంచ్ కుట్టు వద్దు, లావెక్కి రాసుకుంటుంది, అక్కడ కుట్టు పక్కనే ఇంకో వరస వేసి అంచు ఉరేబు పట్టీతో సన్నగా కప్పాం. ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ. ఇంట్లో కుట్టినట్టు కనిపించే బట్టకీ కొన్నట్టు కనిపించే బట్టకీ తేడా ముప్పావు వంతు ఇస్త్రీ పెట్టెలోనే ఉంది.

ఒక చోట ఆగిపోయారు. చేతులు కుట్టి ఫోటో పంపారు, రెండు చేతులూ మెలి తిరిగి వెనక్కి లాగుతున్నాయి. కుడి ఎడమ మారిపోయాయి. ప్యాటర్న్ చేతి గుండ్రం మీద ఒక గాటు ఉన్న వైపు ముందు, జంట గాట్లు ఉన్న వైపు వెనక. సాదా బట్టకి రెండు వైపులూ ఒకేలా ఉంటాయి కాబట్టి కోసిన వెంటనే లోపలి వైపు చాక్‌తో ఇంటూ పెట్టుకుంటే ఈ గొడవ రాదు. ఊడదీసి మళ్ళీ కుట్టుకున్నారు.

జేబు ఆవిడ షరతు. మార్కర్ పెన్ను, తాళాలు, ఫోను. పక్క కుట్టులో జేబు పెడితే చీలిక అడ్డొస్తుంది, అందుకని చీలికని కాస్త కిందికి దించి, నడుం కింద మొదలయ్యేలా 6.5 అంగుళాల నోరు పెట్టి, కుడి వైపు ఒక్కటే కుట్టాం. జేబు సంచిని ముందు ముక్కకి నడుం దగ్గర చిన్న పట్టీతో తగిలించకపోతే ఫోను బరువుకి పక్క కుట్టు వేలాడుతుంది.

ప్యాంటు గురించి పెద్దగా చెప్పడానికి లేదు, ఎలాస్టిక్ పైజామా. ఒక్కటి మాత్రం మార్చాం. ఆ ప్యాటర్న్‌లు కుర్చీలో కూర్చునేవాళ్ళకి గీసినవి, మనం కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. వెనక ముక్కకి సీటు పైన మధ్యలో అంగుళం ఎత్తు కలిపితే కూర్చున్నప్పుడు వెనక కిందికి జారదు.

ఫలితం ఏమైందంటే, కుర్తీ ఆ టర్మ్ అంతా వాడారు. బోర్డు సమస్య లేదు. చంక వెనక బట్ట తిరగేసి చూశాను, పోగులు చెక్కుచెదరలేదు. రెండు లోపాలు తేలాయి. చీలిక పైమొనలో కుట్టు ఊడింది, స్కూటీ ఎక్కి దిగేటప్పుడు లాగుడంతా అక్కడే పడుతుంది, లోపల చిన్న ముక్క వేసి అటూ ఇటూ నాలుగు సార్లు గట్టి కుట్టు వేశాం. అడ్డంగా కోసిన బట్ట కాస్త బిర్రుగా నిలబడుతుంది, ఒంటి వెంట జారదు. అంచు కోసం ఆవిడ దానికి ఒప్పుకున్నారు, నాకైతే నిలువు పోగే ఇష్టం.

డబ్బు మిగిలిందా అని అడుగుతారు. మొదటి కుర్తీకి మిగలలేదు. కోరా బట్ట, ప్రింట్లు, టైమ్ అన్నీ కలిపితే టైలర్ కూలి కంటే ఎక్కువే. రెండోది పెడన కలంకారీ ప్రింట్ కాటన్, నిలువు పోగున కోశారు, ప్యాటర్న్‌లో మెడ ఒక్కటే మార్చారు, నా దగ్గరికి రాకుండా ఆదివారం ఇంట్లోనే అయిపోయింది. ఆ ప్యాటర్న్ ఇప్పుడు చార్టు పేపర్ మీద ఎక్కించి, పైన చిల్లు పెట్టి, బీరువా పక్క మేకుకి వేలాడుతోంది. స్టాఫ్ రూమ్‌లో ఇంకో టీచర్ అడిగితే ఇద్దామా అని ఫోన్ చేశారు. ఇవ్వొచ్చు, పనికిరాదు, ఆ టీచర్ పై చాతీ వేరు, భుజం వేరు. గోడ దగ్గర చాక్ పరీక్ష, పై చాతీ కొలత, ఈ రెండూ నేర్పమన్నాను.

ఇప్పుడు మన టీచర్ గారు ఎండలకి చేతుల్లేని కుర్తీ కావాలంటున్నారు. ఇదే ప్యాటర్న్‌కి చేతులు తీసేస్తే సరిపోతుందని ఆవిడ అనుకుంటున్నారు గానీ, చెయ్యి లేనప్పుడు చంక ఇంకో అర అంగుళం పైకి రావాలి, భుజం కొస కాస్త లోపలికి పోవాలి, ముందు చంక గుండ్రంలో వదులుంటే పక్క నుంచి లోపలంతా కనిపిస్తుంది కాబట్టి ఆ వదులు కూడా డాట్‌లోకి తిప్పాలి. అది ఇంకా కోరా బట్ట మీదే ఉంది.